మందు లేని గిన్నె

నేను ఒక గిన్నెను, అందులోనూ మందు లేని గిన్నెను. అయ్యో పాపం అనకండి. మందు లేకపోవడమే నా ఉద్యోగం, ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ తలెత్తుకునే చేశాను.

చూడటానికి చిన్నదాన్నే. చిటికెనవేలంత వెడల్పు, చూపుడువేలంత ఎత్తు, అడుగుభాగం నలుచదరం. నాకున్న నాలుగు గోడల్లో రెండు తళతళలాడతాయి, రెండు మసకగా ఉంటాయి. మసక గోడలు మీ వేళ్ళు పట్టుకోవడానికి. తళతళలాడేవి వెలుగు దాటిపోవడానికి. ఈ మాత్రం తెలియక తళతళలాడే చోటే పట్టుకుని, వేలిముద్ర వేసి, తర్వాత లెక్క తప్పిందని మిషన్ని తిట్టిన పెద్ద చదువుల వాళ్ళను చాలామందిని చూశాను. పుస్తకాల్లో నా పేరు క్యువెట్. ల్యాబుల్లో మాత్రం సెల్ అంటారు. చేతిలో పెట్టుకుని మీరు మాట్లాడుకునేది వేరు, నేను వేరు. నేను మాట్లాడేది తక్కువ.

క్వార్ట్జ్ అనే రాతిని కరిగించి, పలకలు తీసి, అంచులు అతికించి నన్ను చేశారు. కంటికి కనబడని వెలుగు ఒకటుంది. మామూలు గాజు దాన్ని దారిలోనే మింగేస్తుంది. నేను మింగను, దాటనిస్తాను. మందులను కొలిచేది ఆ వెలుగుతోనే కాబట్టి నాలాంటివాళ్ళు కావాలి. మమ్మల్ని జంటగా చేస్తారు. నాతో పాటు అదే రోజున, అదే పలక నుంచి మా అక్క పుట్టింది. అక్క నుదుటి మీద ఒక అక్షరం, నా నుదుటి మీద ఒక అక్షరం చెక్కారు, మేం కలిసిపోకుండా.

మా పని వంటింటి భాషలో చెబుతాను. పప్పులో ఉప్పు ఎంత పడిందో కచ్చితంగా తెలియాలంటే, ఉప్పు వేయని అదే పప్పు కాస్త పక్కన పెట్టుకుని రెండూ రుచి చూడాలి. అప్పుడు తేడా అంతా ఉప్పుదే. మేం చేసేదీ అదే. మిషన్‌లో ఒక చీకటి గది ఉంటుంది. అందులో ఇద్దరం పక్కపక్కనే నిలబడతాం. అక్క కడుపులో మందు కలిసిన నీళ్ళు. నా కడుపులో మందు ఒక్కటీ తప్ప తక్కినవన్నీ, అంటే చక్కెర, రంగు, వాసన కలిసిన నీళ్ళు. వెలుగు రెండుగా చీలి మా ఇద్దరిలోంచీ వెళుతుంది. మందు ఎంత ఉంటే అంత వెలుగును మింగుతుంది. నా వైపు నుంచి వచ్చిన వెలుగులోంచి అక్క వైపు నుంచి వచ్చింది తీసేస్తే, ఆ తగ్గినదంతా మందు లెక్క. అందరి చూపూ అక్క మీదే ఉంటుంది. కానీ నేను తప్పు చెబితే అక్క చెప్పేదంతా అబద్ధం. ఈ సంగతి మనుషులకు అంత తొందరగా గుర్తుండదు.

మొదట మేం దిగింది సముద్రం పక్కనున్న ఒక యూనివర్సిటీలో. అక్కడి ప్రొఫెసరుగారు మమ్మల్ని మఖ్మల్ పెట్టెలో పెట్టి, పెట్టెను బీరువాలో పెట్టి, బీరువా తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు. ఆయన పెళ్ళికో తద్దినానికో ఊరెళితే డిపార్ట్‌మెంటులో పరిశోధన ఆగిపోయేది. మళ్ళీ ఆయన బస్సు దిగాక మొదలయ్యేది.

అక్కడ డాక్టరేట్లు ఎలా పుట్టేవో కళ్ళారా చూశాను. ఉన్నది ఒకటే యాంటీబయాటిక్. ఒకావిడ దానికి ఎర్రరంగు తెప్పించి, ఆ ఎరుపు ఎంత వెలుగు మింగిందో చూసి కొత్త పద్ధతి అనేది. తర్వాత వచ్చినాయన ఎరుపు బదులు నీలం తెప్పించేవాడు. అదీ కొత్త పద్ధతే. ప్రతి థీసిస్ చివరా ఈ పద్ధతి సులువైనదనీ, చవకైనదనీ, నమ్మదగినదనీ రాసేవారు. బజారులో మాత్రలు కొనుక్కొచ్చి నూరి, అక్కలో పోసి చూసేవారు. ఎప్పుడు చూసినా తొంభై తొమ్మిదో, నూరో. దేశంలో ఒక్క కంపెనీ కూడా తక్కువ మందు వేయదా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. తర్వాత అర్థమైంది. తక్కువ వచ్చిన రోజున, సెల్ సరిగ్గా కడగలేదులే అనుకుని మళ్ళీ చేసేవారు. నూరు వచ్చేదాకా నన్ను కడిగేవారు. నూరు వచ్చిన రోజున మాత్రం ఎవరూ నన్ను అనుమానించలేదు.

ప్రొఫెసరుగారు రిటైరయ్యాక మిషన్ పాతబడిందన్నారు. హైదరాబాదు శివార్లలో పిల్లల సిరప్పులు చేసే ఒక చిన్న కంపెనీ దాన్ని కొనుక్కుంది. మిషన్‌తో పాటు మేమూ లారీ ఎక్కాం. అక్కడ నాకు హైమవతి దొరికింది.

హైమవతిది బాపట్ల. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, పెళ్ళి చేసుకుని, పిల్లలు బడికి వెళ్ళడం మొదలెట్టాక ఉద్యోగంలో చేరిన మనిషి. ఏ సీసా మూత తీసినా ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది. రసాయనాలను అలా వాసన చూడకూడదని ఆమెకు తెలుసు. కానీ ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టేముందు, పెరుగు తోడేసేముందు, నిన్నటి పప్పు వేడి చేసేముందు వాసన చూసిన ముక్కు ఫ్యాక్టరీకి వచ్చినంత మాత్రాన ఊరుకుంటుందా?

ఆమె నాకు ఒక నియమం పెట్టింది. నాలో ఎప్పుడూ మందు పోయకూడదు. అక్కను తుడిచిన గుడ్డతో నన్ను తుడవకూడదు. గాజు సామాను కడిగే బాలమణికి ఇది మహా వేడుకగా ఉండేది.

"హైమమ్మా, మా అత్త గిట్లనే ఒక చెంబు ముట్టనిచ్చేది కాదు. నీకు గీ మడి గిన్నె ఏందమ్మా?"

"ముట్టుకో. అక్క గిన్నెను పట్టిన చేత్తో మాత్రం ముట్టుకోకు."

"అక్క చెయ్యేంది, చెల్లె చెయ్యేంది. నాకున్నయే రెండు చేతులు."

"అయితే మధ్యలో కడుక్కో."

బాలమణి గొణుక్కుంటూనే కడుక్కునేది. ఆ గొణుగుడులో నాకు గౌరవం వినబడేది.

ఆ వానాకాలం ఊళ్ళో పిల్లలందరికీ చెవిపోట్లు, గొంతునొప్పులు, జ్వరాలు. యూనివర్సిటీలో చూసిన ఆ యాంటీబయాటిక్‌తోనే చేసే మా సిరప్‌కు గిరాకీ పెరిగింది. అది పొడి రూపంలో సీసాలో ఉంటుంది. తల్లులు కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, గిలకొట్టి తాగిస్తారు. మందు చేదు. అంతకుముందు నారింజ వాసన వేసేవారు, పిల్లలు ఉమ్మేస్తున్నారని ఆ ఏడు వెనీలాకు మార్చారు. మార్పు సంగతి సీసా మీద బొమ్మ వేసేవాడికి తెలిసింది, అట్టపెట్టెలు అచ్చేసేవాడికి తెలిసింది, మందుల షాపులకు తిరిగే కుర్రాళ్ళందరికీ తెలిసింది. మా ల్యాబ్ అల్మారాలో ఉన్న ఒక సీసాను మాత్రం అందరూ మరిచిపోయారు. అది ప్లాసిబో సీసా. అంటే మందు తప్ప తక్కినవన్నీ ఉన్న పొడి, నా కడుపులోకి వచ్చేది. తయారుచేసే విభాగం వాళ్ళు ఒకేసారి బోలెడు కలిపి ల్యాబుకు పంపేవారు. అయిపోయేదాకా అదే వాడడం మా దగ్గర అలవాటు. అందులో ఇంకా నారింజే ఉంది.

కొత్త వాసనతో మొదటి సరుకు తయారై మా దగ్గరకు వచ్చింది. హైమవతి కొలిచింది. నూట ఒకటి వచ్చింది. ఉండాల్సిన మందు నూరు పాళ్ళయితే నూట ఒకటి ఉన్నట్టు. తొంభై దాటితే చాలు, సరుకు బయటికి పోవచ్చు.

ల్యాబ్ మేనేజరు సదానందంగారు తలుపులోంచే తొంగిచూశారు. ఆయనది జనగామ. చెడ్డమనిషి కాదు, భయస్థుడు. పై వాళ్ళ ఫోన్ వస్తే కుర్చీలోంచి సగం లేచి మాట్లాడేవారు.

"నూటొక్కటా? మస్తుంది మేడం. సంతకం పెట్టుండ్రి. కింద లారీ నిండుతున్నది."

"పెడతాను సార్," అంటూ హైమవతి మిగిలిన నీళ్ళు పారబోయడానికి రెండు ఫ్లాస్కులూ చేతిలోకి తీసుకుంది. అలవాటు ప్రకారం ఒకటి ముక్కు దగ్గర పెట్టింది. రెండోది పెట్టింది. మళ్ళీ మొదటిది. చేయి సింకు మీద ఆగిపోయింది.

ఒకదాంట్లో కస్టర్డ్‌లా వెనీలా వాసన. ఇంకొకదాంట్లో నారింజ తొన.

నేను చీకటి గదిలోంచి అప్పుడే బయటికొచ్చి ఆరుతున్నాను. నాకు ఒళ్ళు మండింది. ఉప్పు వేయని పప్పు ఇస్తామని చెప్పి నాకు చారు పోశారన్నమాట. వెనీలా కూడా మందు మింగే వెలుగునే మింగుతుంది. అక్క కడుపులో వెనీలా ఉంది, నాలో లేదు. వెనీలా మింగిన వెలుగంతా మందు ఖాతాలో పడింది.

హైమవతి కింద స్టోరుకు వెళ్ళి కొత్త వెనీలా తెచ్చింది. చక్కెర, రంగు, తక్కినవన్నీ తూచి, ఎంత వేయాలో అంతే వేసి, తన చేత్తో కొత్త ప్లాసిబో కలిపింది. దాన్ని నాలో పోసింది. అక్కలో అదే పాత శాంపిల్.

ఎనభై రెండు.

ఆమె ఆ అంకెను పాతదాని పక్కనే రాసుకుంది. తర్వాత వెళ్ళి సదానందంగారిని పిలుచుకొచ్చింది.

"సార్, ఈ రెండూ వాసన చూడండి."

"నాకు సైనస్ ఉన్నది మేడం. నోటితో చెప్పుండ్రి."

చెప్పింది. ఆయన విన్నారు. అర్థం కాక కాదు, అర్థమైంది కాబట్టే చెమట తుడుచుకున్నారు.

"చూడండి మేడం. పద్ధతిల ఏ ప్లాసిబో వాడాలని ఉన్నదో అదే వాడినం, నూటొక్కటి వచ్చింది. మీరు ఇంట్ల కలుపుకున్నట్టు కలిపినదానితోని ఎనభై రెండు వచ్చింది. నేను దేన్ని నమ్మాలె?"

"ఇంట్లో కలిపినట్టే కలిపాను సార్. ఇంట్లో అయితే ఏం వేశానో నాకు తెలుసు."

"తప్పు ఆ సెల్‌దయి ఉంటది. ముసలిదయింది. గీతలు పడ్డయి. జంట కలుస్తలేదేమో."

వచ్చింది నా వంతు. యూనివర్సిటీ నుంచీ విన్న పాటే. గీతలున్న మాట నిజం. ఇన్నేళ్ళు ఇంతమంది చేతుల్లో పడ్డాక ఎవరి ఒంటి మీద ఉండవు? ఆయన నుదుటి మీద లేవా?

హైమవతి నా వైపు చూసింది. "సరే సార్, చూద్దాం," అంది. ముందు మా ఇద్దరిలోనూ ఉత్త నీళ్ళు పోసి నిలబెట్టింది. తేడా సున్నా. అది చాలదన్నట్టు ఆమె ఇన్నేళ్ళలో ఎప్పుడూ చేయని పని చేసింది. తను పెట్టిన నియమం తనే తీసి పక్కన పెట్టి, ప్లాసిబో అక్కలో పోసి, మందు నాలో పోసింది. వెలుగు దారిలో మా చోట్లు కూడా మార్చింది.

మందు నాలోకి రావడం అదే మొదటిసారి. ఇంతమంది ఇన్ని థీసిస్‌లు రాసిన ఆ పదార్థం ఏదో నిప్పులా ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. చల్లగా, కాస్త బరువుగా ఉంది. వెలుగు నాలోకి వచ్చి, కొంత అక్కడే ఆగిపోయింది. ఉన్నంత మందుకు తగినంతే ఆగింది. నేను ఒక్క రవ్వ కలపలేదు, ఒక్క రవ్వ దాచలేదు.

ఎనభై రెండు.

"చూశారా?" అంది హైమవతి. గొంతు పెంచలేదు.

సింకు దగ్గర బాలమణి కుళాయి కట్టేసింది. "తక్కువుంటే ఏమైతది హైమమ్మా? తాగితే విషమా?"

"విషం కాదు. తాగితే ఏమీ కాదు, అదే బాధ. తల్లి మందు వేశాననుకుంటుంది. జ్వరం తగ్గినట్టే ఉంటుంది. లోపల పురుగు చావదు, ఈ మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. మళ్ళీ జ్వరం వస్తుంది. ఈసారి పూర్తి మందు పోసినా లొంగదు. అప్పుడా తల్లి ఎవరినడుగుతుంది?"

సదానందంగారు స్టూలు మీద కూర్చున్నారు. ఫోన్ మోగితే తీయలేదు. కొంతసేపటికి ఆయన ముఖం తేటపడింది. దారి దొరికిన మనిషి ముఖం.

"సరే మేడం. మీ మాటే కానీయండి. సరుకు ఇయ్యాల పంపం. సెల్ ఖరాబయింది, లెక్క నమ్మేటట్టు లేదు, కొత్త సెల్ తెప్పించి మళ్ళ చూస్తమని చెప్త. ఎవరి మీదా మాట రాదు. తయారుచేసినోళ్ళూ సల్లగుంటరు, మీరూ సల్లగుంటరు, నేనూ సల్లగుంట."

ఎంత మెత్తగా చెప్పారంటే, పక్కన ఎవరున్నా తలూపేవారు. లారీ ఆగుతుంది కదా, హైమవతికి కావలసింది అదే కదా. పోయేదల్లా ఒక ముసలి గిన్నె పరువు. గిన్నెకు పరువేమిటని మీరూ అనుకుంటారు.

హైమవతి ఒప్పుకుంటుందేమోనని నేనూ అనుకున్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, సిటీలో ఖర్చులు, ఈ వయసులో ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం. ఆమె ఒప్పుకున్నా తప్పు పట్టేదాన్ని కాదు. కోపం మాత్రం ఉండేది.

"కొత్త సెల్ వచ్చాక దాంట్లో ఏ ప్లాసిబో పోస్తారు సార్?" అని అడిగింది.

ఆయన అల్మారా వైపు చూశారు. అక్కడ పాత సీసా, ఇంకా సగానికి పైగా నారింజ పొడి.

"ఉన్నదే పోస్తం. పద్ధతిల అదే ఉన్నది గదా."

"అప్పుడు నూటొకటి వస్తుంది. కొత్త సెల్ కదా, అందరూ నమ్ముతారు. ఎల్లుండి ఇదే సరుకు వెళ్ళిపోతుంది."

"మీరు ఊకె ముందే అన్నీ ఊహించుకుంటరు మేడం."

"తప్పు సెల్‌ది కాదు సార్. తప్పు ఏమిటో ఇద్దరికీ తెలుసు. దాన్ని వదిలేసి మాట్లాడలేని వస్తువు మీద తోస్తే నేను ఒప్పుకోను."

ఆమె లేచింది. అల్మారా తెరిచింది. ప్లాసిబో సీసా తీసుకుని సింకు దగ్గరకు నడిచింది. బాలమణి తనంతట తనే పక్కకు జరిగింది. హైమవతి మూత తీసి, చెడిపోయిన పిండిని పారబోసినట్టు సీసా బోర్లించింది. కుళాయి తిప్పింది. నారింజ రంగు నీళ్ళు సుడులు తిరుగుతూ దిగిపోయాయి. అడుగున అంటుకున్నది కూడా వేలు పెట్టి కడిగింది. పాత నారింజ వాసన ఫ్యాక్టరీలో ఇంకెక్కడా లేదు. కావాలన్నా ఇక ఆ పొడిని ఎవరూ కలపలేరు.

సదానందంగారు స్టూలు మీంచి లేచారు గానీ ముందుకు రాలేదు.

"ఏం చేసిండ్రు మేడం. కంపెనీ వస్తువది. దీనికి మీ కొలువు పోతది."

"పోనీండి సార్. పొడి అయితే పోయింది."

బాలమణి ఖాళీ సీసా అందుకుని, ఎవరూ చెప్పకుండానే సబ్బు పెట్టి తోమడం మొదలెట్టింది.

ఫోన్ మళ్ళీ మోగింది. లోడింగ్ దగ్గర్నుంచి. సదానందంగారు దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. రెండో చేత్తో బల్ల మీదున్న శాంపిల్ ఫ్లాస్కు ఎత్తి, ముక్కుకు ఆనించారు. సైనసున్న ఆ ముక్కు గట్టిగా ఎగబీల్చింది. కళ్ళు మూసుకున్నారు.

"ఆఁ, వింటున్న," అన్నారు ఫోన్‌లో. "లారీల ఎక్కించినయి దింపుండ్రి. అన్నీ. ఎందుకని నన్ను అడుగకుండ్రి, పైనోళ్ళకు నేను చెప్త." ఈసారి ఆయన సగం లేచి మాట్లాడలేదు. అప్పటికే నిలబడి ఉన్నారు.

తర్వాత సంగతులు తొందరగా చెప్పేస్తాను. తయారుచేసే విభాగంలో పొడి ఆరబెట్టే వేడి ఎక్కువై మందు చెడుతోందని బయటపడింది. వేడి తగ్గించారు, కొత్త సరుకు కొత్త ప్లాసిబోతో కొలిస్తే తొంభై ఎనిమిది వచ్చింది. ఎవరూ హైమవతికి మంచిపని చేశావని చెప్పలేదు. ఉద్యోగం తీయలేదు గానీ ల్యాబులోంచి తీసేశారు. కంపెనీ వస్తువు పారబోసినందుకు ఆమెను కింద గోడౌనులో అట్టపెట్టెలు పరీక్షించే చోట వేశారు. వెలుగుతో కొలిచిన మనిషికి అట్ట మందం కొలిచే పని.

నన్నూ వదల్లేదు. ఎవరో ఒకరి మీదకు కొంతయినా తోయకపోతే పైవాళ్ళకు నిద్ర పట్టదు కాబట్టి, సెల్ కూడా పాతదే అని ఒక మాట కలిపారు. నాకు ఎర్ర చీటీ అంటించి, పనికిరాని వస్తువుల సొరుగులో వేశారు. అక్కనూ నాతో పాటే వేశారు, జంట విడగొట్టకూడదు కనుక. ఇక్కడ మాతో పాటు మూతి విరిగిన ఫ్లాస్కులు, అంకెలు చెరిగిన గొట్టాలు ఉన్నాయి. వాటిలో కొన్ని నిజంగానే చెడిపోయాయి. నేను చెడిపోలేదు. ఎర్ర చీటీ నా తళతళలాడే గోడ మీదే అంటించారు. అంటించినవాడికి ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. అలాంటివాళ్ళా నన్ను పనికిరానిదనేది? వెలుగు రానీయండి, చెబుతాను.

సొరుగు తెరిచేది బాలమణి ఒక్కతే, విరిగిన గాజు వేయడానికి. వచ్చినప్పుడల్లా ఎవరికో చెబుతున్నట్టు కబుర్లు చెబుతుంది. నిన్న వచ్చి, ఒక పగిలిన బీకరు పక్కన పెట్టి, నడుం మీద చేయి వేసుకుని నవ్వింది.

"ఇన్నవా, మడి గిన్నే? హైమమ్మ లారీ నిండ అట్టపెట్టెలు వాపసు పంపింది. అట్ట పల్చగున్నదట, సీసలు పగులుతయట. పెట్టెలు తెచ్చినోడు మస్తు బతిమాలిండు. సదానందం సారు పోయి, పోనీ తీసుకోండ్రి మేడం అన్నడు. గామె స్కేలు ఆయన చేతికిచ్చి, మీరే కొలువుండ్రి సారూ అన్నదట."

"ఆయన కొలిచిండు," అంది బాలమణి, సొరుగు మూస్తూ. "కొలిచి, నోరు మూసుకుని, లారీని ఎనకకు తిప్పిచ్చిండు."